గట్టిగా ఊదమనే ఆవిడకు మీ ప్రశ్నలు

ఊపిరితిత్తుల పరీక్ష గదిలో 22 ఏళ్లుగా నా పని ఒకటే. ముక్కుకు క్లిప్పు తగిలించి, నోట్లో గొట్టం పెట్టించి, "ఊదండి, ఊదండి, ఇంకా ఇంకా ఇంకా..." అని అరవడం. నేను డాక్టర్ని కాను, టెక్నీషియన్ని. మందులు చెప్పను. ఏం కొలిచారు, ఎలా కొలిచారు, ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చు అన్నవి మాత్రం చెప్పగలను. కండరాల జబ్బులు, నరాల జబ్బులు ఉన్న ఇళ్ల నుంచి వచ్చిన ఉత్తరాలన్నీ ఈసారి ఒకచోట చేర్చాను.

ప్రశ్న: మావారికి 58 ఏళ్లు. కండరాలను కదిలించే నరాలు క్షీణించే మోటార్ న్యూరాన్ జబ్బని ఎనిమిది నెలల కిందట తేల్చారు. చేతులు సన్నబడ్డాయి గానీ నడుస్తున్నారు, మాట బాగానే ఉంది. వేలికి పెట్టే యంత్రంలో ఆక్సిజన్ ఎప్పుడు చూసినా 97, 98. కూర్చోబెట్టి ఊదిస్తే, ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఊదేదాంట్లో 67 శాతం వచ్చింది. ఇప్పుడేమో పడుకోబెట్టి మళ్లీ ఊదించుకు రమ్మన్నారు డాక్టరుగారు. వెల్లకిలా పడుకుంటే ఆయనకు ఊపిరాడదు. రెండు నెలలుగా కుర్చీలోనే నిద్రపోతున్నారు. ఆయన్ని అంత కష్టపెట్టాలా?

జవాబు: అమ్మా, మీ ప్రశ్నలోనే జవాబు ఉంది. "రెండు నెలలుగా కుర్చీలోనే నిద్ర" అన్న ముక్క డాక్టరుగారి చెవిన వేశారా? వేయకపోతే పరీక్ష తేదీ దాకా ఆగకుండా ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. నా గదికి వచ్చేవాళ్లు చాలామంది వేలి యంత్రం అంకెలు పూటపూటకీ పుస్తకంలో రాసుకొస్తారు. ఇలాంటి సంగతి మాత్రం గుమ్మం దాటుతూ మాటవరసకు అంటారు.

ఊపిరితిత్తి అన్న మాటలో తిత్తి ఉంది చూడండి, కమ్మరి కొలిమి దగ్గర ఉండే తిత్తే. తిత్తి చిల్లు లేకుండా నిక్షేపంలా ఉండొచ్చు. దాన్ని లాగే చెయ్యి చచ్చుబడితే నిప్పు రాజుకోదు. మీవారి తిత్తులకు ఏమీ కాలేదు. ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులా పరుచుకుని ఉండే డయాఫ్రమ్ అనే కండరం ఉంది, లాగే చెయ్యి అదే. అది నీరసిస్తోందేమోనని డాక్టరుగారి అనుమానం.

వేలి యంత్రం 98 చూపిస్తోందంటే తిత్తుల్లోకి చేరిన గాలిలోని ఆక్సిజన్ రక్తంలోకి సజావుగా వెళ్తోందని. చిక్కు వచ్చేది బొగ్గుపులుసు వాయువుతో, మీ రిపోర్టుల్లో కార్బన్ డయాక్సైడ్ అని రాస్తారే, దానితో. రక్తంలో అది మామూలుగా 35కీ 45కీ మధ్య ఉంటుంది, పాదరసం మిల్లీమీటర్లలో. అది 55 దాకా ఎక్కి మనిషి మగతగా జోగుతున్నా వేలి యంత్రం 94, 95 దగ్గర నిలబడే ఉండొచ్చు. నిమోనియా లాంటి వాటిలో ఆ యంత్రం బంగారం. ఈ జబ్బుల్లో మాత్రం అందరికన్నా ఆలస్యంగా నిద్రలేస్తుంది.

ఇక పడుకోబెట్టడం. కూర్చుని ఉంటే పేగులు, కాలేయం తమ బరువుకు కిందికి జారి డయాఫ్రమ్‌కి దారి ఇస్తాయి. పడుకోగానే ఆ బరువంతా ఛాతీ వైపు తోసుకొస్తుంది. బలమున్న కండరం దాన్ని నెట్టేస్తుంది, బలహీనమైంది లొంగిపోతుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు పడుకుంటే తగ్గేది 10 శాతం లోపే. 25 శాతానికి మించి తగ్గితే డయాఫ్రమ్ బలహీనపడిందని దాదాపు ఖాయం. మీవారు కూర్చుని 2.4 లీటర్లు ఊది, పడుకుని 1.6 ఊదారనుకోండి. మూడో వంతు పోయింది. కూర్చున్నప్పటి 67 శాతం, పడుకుంటే 45 అవుతుంది. రాత్రంతా ఆయన నెట్టుకురావాల్సింది ఆ 45 తోనే.

కష్టపెడతామని భయపడకండి. నేనైతే ఇలా చేస్తాను: గొట్టం, క్లిప్పు కూర్చుని ఉండగానే సర్దేసి, వెనక చెయ్యి వేసి మెల్లగా వాలుస్తాను. ఒక ఊదుడు కాగానే లేపి కూర్చోబెడతాను. ఇలా మూడుసార్లు. అసలు వాలలేకపోతే ఆపేసి, "పడుకోలేకపోయారు" అని రిపోర్టులో రాస్తాను. అదీ ఒక ఫలితమే. ఆయన పడుకున్న ఆ కాసేపూ నా చూపు యంత్రం తెర మీద కన్నా బొడ్డు మీదే ఎక్కువ ఉంటుంది. ఊపిరి పీల్చినప్పుడు పొట్ట పైకి లేవాలి. డయాఫ్రమ్ నీరసించిన వాళ్లకు పీల్చినప్పుడల్లా పొట్ట లోపలికి పోతుంది. చొక్కా గుండీలు విప్పితే చాలు, ఇంట్లో మీరూ చూడొచ్చు.

ఇంకో మాట. కలలు వచ్చే నిద్రలో ఒళ్లంతా వదులైపోతుంది. ఊపిరికి సాయపడే మెడ, పక్కటెముకల కండరాలు కూడా సెలవు తీసుకుంటాయి. డ్యూటీలో ఉండేది ఒక్క డయాఫ్రమే. అది కూడా బలహీనమైతే ముందు పాడయ్యేది రాత్రే. తెల్లారి లేవగానే తలపోటు, పీడకలలు, మాటిమాటికీ మెలకువ, పగలు కునికిపాట్లు ఉన్నాయేమో ఆయన్ని అడగండి. ఊదుడు 50 శాతం కన్నా తగ్గినా, లక్షణాలుండి 80 కన్నా తగ్గినా మాస్కుతో గాలి పంపే బైపాప్ యంత్రం మొదలుపెట్టాలని అమెరికా ఛాతీ వైద్యుల కాలేజీ 2023 మార్గదర్శకాల్లో ఉంది. 67 శాతంతో, కుర్చీ నిద్రతో మీవారు ఇప్పటికే ఆ గీత లోపలే ఉన్నారని నాకు అనిపిస్తోంది. ఆ నిర్ణయం డాక్టరుగారిది. అడగాల్సింది మాత్రం మీరే.

ప్రశ్న: మా బాబుకు డుషెన్ కండరాల క్షీణత. 13 ఏళ్లు, ఏడాదిగా వీల్‌చైర్‌లోనే ఉంటున్నాడు. పోయినేడు ఊపిరి పరీక్షలో 82 శాతం. ఈసారి వేరేచోట చేయిస్తే 71 వచ్చింది. ఒక్క ఏడాదిలో 11 పడిపోయిందా? రెండు రోజులుగా నాకు అన్నం సహించడం లేదు.

జవాబు: తల్లీ, మీరు పంపిన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. శాతం మీద వేలు పెట్టి మూసేసి లీటర్లు చదవండి. పోయినేడు 1.95, ఈసారి 2.00. బాబు ఊదింది తగ్గలేదు, ఒక చెంచా పెరిగింది కూడా.

మరి శాతం ఎందుకు పడింది? శాతం అంటే అదే వయసు, అదే పొడవు ఉన్న ఆరోగ్యవంతుడైన పిల్లాడితో పోలిక. ఆ పోలికకు పొడవే ఆయువుపట్టు. పోయినేడు కాగితంలో పొడవు 141 సెంటీమీటర్లు, ఈసారి సరిగ్గా 150. అంత గుండ్రని అంకె కనిపిస్తే నాకు అనుమానం. నిలబడలేని పిల్లాడిని చూసి ఎవరో కంటి అంచనా వేసి ఉంటారు, లేదా మిమ్మల్ని అడిగితే మీరు సుమారుగా చెప్పి ఉంటారు. నిలబడలేని వాళ్లకు చేతులు బార్లా చాపి ఈ కొస నుంచి ఆ కొసకు కొలవాలి. మోచేతులు బిగుసుకుపోయి చాపలేకపోతే మోచేతి మొన నుంచి మణికట్టు ఎముక దాకా కొలిచి లెక్క కడతారు. వెన్ను వంకర తిరిగిన పిల్లలకూ ఇదే దారి. పడుకోబెట్టి టేపు పెట్టేస్తే వంకరలన్నీ లెక్కలోకి వచ్చి పొడవు తగ్గిపోతుంది, శాతం అబద్ధపు ఆనందం ఇస్తుంది. అంచేత పోయినేటి 82 ని కూడా నేను నెత్తిన పెట్టుకోను.

రెండోది, రెండు చోట్లా పోలిక సూత్రాలు ఒకటే కాకపోవచ్చు. 2012 సూత్రాలు కొన్ని యంత్రాల్లో, 2022లో వచ్చినవి కొన్నింట్లో ఉంటాయి. ఊదింది అదే అయినా సూత్రం మారితే శాతం మారుతుంది. కాగితం అడుగున సన్నటి అక్షరాల్లో ఏ సూత్రమో రాసి ఉంటుంది, చూడండి. వీలైనంతవరకు ఒకేచోట, ఒకే యంత్రం మీద చేయించండి.

అలాగని తేలిగ్గా తీసుకోమనడం లేదు. డుషెన్‌లో పిల్లాడు ఎదుగుతున్నంతకాలం లీటర్లు పెరుగుతాయి, యుక్తవయసు తొలినాళ్లలో ఒకచోట ఆగుతాయి, అక్కణ్నుంచి దిగుతాయి. మీవాడు ఆ ఆగే చోట ఉన్నట్టున్నాడు. నడక ఆగాక ఆరు నెలలకోసారి పరీక్ష తప్పదు. ఇంట్లో ఒక కాగితం మీద తేదీ, లీటర్లు, పొడవు ఎలా కొలిచారో రాస్తూ పోండి. మా రిపోర్టులన్నిటికన్నా డాక్టరుకు అదే ఎక్కువ పనికొస్తుంది. ఇక అన్నం తినండి.

ప్రశ్న: మా అమ్మకు 66. జబ్బు మాటతో మొదలైంది. నాలుక తిరగదు, నీళ్లు తాగినా పొలమారుతుంది. ఊదే పరీక్షకు తీసుకెళ్తే అక్కడి అమ్మాయి విసుక్కుంది. రిపోర్టులో "రోగి సహకరించలేదు" అని రాసింది. అమ్మ ఆ రోజంతా ఏడ్చింది. మళ్లీ తీసుకెళ్లాలా?

జవాబు: ఆ అమ్మాయి తరఫున నేను క్షమాపణ అడుగుతున్నాను. ఎందుకంటే ఆ మాట నేనూ రాశాను.

ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఒక పెద్దాయన వచ్చారు, రిటైరైన డ్రాయింగ్ మాస్టారు. ఎన్నిసార్లు ఊదించినా గాలి గొట్టంలోకి కాక పెదవుల పక్క నుంచి బుస్సుమని పోయేది. తెర మీద గీత లేచినట్టే లేచి కూలబడేది. బయట పదిమంది కాచుకుని ఉన్నారు. ఎనిమిది సార్లు చేయించి, చివరికి "రోగి సహకరించలేదు" అని రాసి సంతకం పెట్టాను. ఆయన ఆ కాగితం తీసుకుని చదివారు. మాట రాదాయనకు. జేబులోంచి పెన్ను తీసి, "రోగి" అన్న మాట కొట్టేసి, దాని పైన ముత్యాల్లాంటి అక్షరాలతో "పెదవులు" అని దిద్ది, కాగితం నా చేతికిచ్చారు. పెదవులు సహకరించలేదు. అప్పటినుంచి ఆ వాక్యం నా చేత్తో రాయలేదు.

పెదవులు, బుగ్గలు వదులైన వాళ్లకు ఆ గొట్టం పనికిరాదు. ముక్కూ నోరూ కలిపి మూసే మాస్కు యంత్రానికి తగిలించి ఊదించొచ్చు. గట్టిగా ఊదలేకపోతే నెమ్మదిగా, ఉన్న గాలంతా వదలమంటాం. దానికీ లెక్క ఉంది. అంతకన్నా సులువైంది ముక్కుతో చేసే పరీక్ష, స్నిప్ అంటారు. ఒక ముక్కు రంధ్రంలో చిన్న బిరడా, దానికి సన్నటి గొట్టం. రెండోది తెరిచే ఉంటుంది. మామూలుగా ఊపిరి వదిలాక, తెరిచి ఉన్న ముక్కుతో చురుక్కున ఎగపీల్చాలి. పువ్వు వాసన చూసినట్టు కాదమ్మా, జలుబు చేసిన పిల్లాడు ముక్కు ఎగపీల్చినట్టు. పెదవులతో పని లేదు. పదిసార్లు చేయించి మంచిది తీసుకుంటాం. మగవాళ్లకు 70, ఆడవాళ్లకు 60 సెంటీమీటర్ల నీటి పీడనం దాటితే పీల్చే కండరాలు బాగున్నట్టే. 40 కన్నా తగ్గితే డాక్టరు ఆ రోజే చూడాలి. ముక్కు దిబ్బడ ఉన్న రోజున మాత్రం ఈ పరీక్ష వద్దు, తప్పు చెబుతుంది. గొంతు కండరాలు బాగా పోయిన వాళ్లకూ ఒక్కోసారి తక్కువ చూపిస్తుంది. ఏదీ కుదరకపోతే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూస్తారు, రాత్రి నిద్రలో కొలుస్తారు. వాటికి ఎవరి సహకారమూ అక్కర్లేదు.

నోటితో బలం కొలిచే యంత్రం కూడా ఉంది. మూసిన గొట్టంలోంచి లాగమంటారు, నెట్టమంటారు. ఆ గొట్టానికి 2 మిల్లీమీటర్ల చిన్న చిల్లు ఉంటుంది. బుగ్గలతో చప్పరించి అంకె తెచ్చుకోకుండా ఆ ఏర్పాటు. నాకెందుకో ఆ చిల్లంటే భలే ఇష్టం. మీ అమ్మగారికి అది పనికిరాదనుకోండి.

తీసుకెళ్లండి. ఫోన్ చేసి "మాస్కుతో చేస్తారా, ముక్కు పరీక్ష ఉందా" అని ముందే అడగండి. అలసిపోయే సాయంత్రం కాకుండా పొద్దున టైమ్ తీసుకోండి.

ప్రశ్న: నాకు మయస్థీనియా, వాడేకొద్దీ కండరాలు అలసిపోయే జబ్బు. 29 ఏళ్లు. ఒకే గుక్కలో ఎన్ని అంకెలు లెక్కపెట్టగలనో ఇంట్లో చూసుకోమని ఒక స్నేహితుడు చెప్పాడు. అది నమ్మకమైన పరీక్షేనా?

జవాబు: యంత్రానికి సాటి రాదు గానీ చవకబారు పరీక్ష కాదు. నిండుగా పీల్చి, గుక్క తిప్పుకోకుండా, సెకనుకు రెండు చొప్పున మామూలు గొంతుతో లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లు 40, 50 దాకా పోతారు. ఒక్కరోజు అంకెతో ఏమీ తేలదు. నిన్న 38, ఇవాళ పొద్దున 27, సాయంత్రం 18 అయితే ఆ దిగుడు చూడాలి. 20 దాటలేకపోతున్నా, మింగడం కష్టమైనా ఇంట్లో కూర్చుని మళ్లీ లెక్కపెట్టకండి, అత్యవసర విభాగానికి వెళ్లండి. మీ జబ్బు గంటల్లో మారుతుంది. మా గదికి వచ్చినప్పుడు మాత్ర ఎన్నింటికి వేసుకున్నారో తప్పక చెప్పండి. వేసుకున్న గంటకు ఒక అంకె, దాని పని అయిపోయాక ఇంకో అంకె వస్తుంది. వరుసగా ఊదుతుంటే ప్రతి ఊదుడుకీ తగ్గిపోతుంటే అదీ రాస్తాం.

ప్రశ్న: పరీక్షకు ముందు తినొచ్చా?

జవాబు: కొద్దిగా. కడుపు నిండా తింటే పడుకుని ఊదలేరు. నడుముకు బిగుతుగా ఏదీ కట్టుకోకండి. కట్టుడు పళ్లు వదులుగా లేకపోతే తీయకండి, గొట్టానికి పట్టు ఉంటుంది.

ప్రశ్న: మా అమ్మాయికి లింబ్ గర్డిల్ కండరాల జబ్బు, 26 ఏళ్లు. రాత్రిళ్లు వేలి యంత్రంలో 84, 85 చూపిస్తోందని గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషన్ కొని పెట్టాం. ఇప్పుడు అంకె 96. కానీ పొద్దున లేపితే లేవదు, తలపోటంటుంది. ఈమధ్య మామూలు రక్తపరీక్షలో బైకార్బనేట్ 33 అని ఎర్రటి అక్షరాల్లో వచ్చింది. మాకు ఎవరూ ఏమీ చెప్పలేదు.

జవాబు: అయ్యా, ఈ పత్రిక మీ చేతికి వచ్చేలోపే చదవాలని మీకు విడిగా జవాబు పంపాను. మిగతావాళ్ల కోసం ఇక్కడ రాస్తున్నాను.

ఆ అంకె 96కి రావడం మెరుగు కాదు. గాలి లోపలికీ బయటికీ ఆడనప్పుడు ఆక్సిజన్ ఒక్కటే పంపితే వేలి అంకె సంతోషిస్తుంది, కార్బన్ డయాక్సైడ్ మాత్రం లోపల పోగుపడుతూనే ఉంటుంది. పైగా ఆక్సిజన్ నిండుగా ఉండేసరికి మెదడు "ఇంకా గట్టిగా పీల్చు" అని కండరాలను తొందరపెట్టడం మానేయొచ్చు. అప్పుడు ఇంకా పోగుపడుతుంది. లేపితే లేవకపోవడం, తలపోటు దాని గుర్తులే. బైకార్బనేట్ మామూలుగా 22 నుంచి 28 లోపు ఉంటుంది. పోగుపడిన ఆమ్లాన్ని సరిచేయడానికి మూత్రపిండాలు రోజుల తరబడి దాన్ని దాచిపెట్టుకుంటాయి. అంటే ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు.

ఈ అంకెను తప్పుగా చదవడం కొత్తేమీ కాదు. 1952లో కోపెన్‌హాగన్‌లో పోలియో విజృంభించినప్పుడు, చచ్చుబడిన రోగుల రక్తంలో ఇదే బైకార్బనేట్ ఎక్కువగా కనిపిస్తే అక్కడి పెద్ద డాక్టర్లు అదేదో క్షారం పెరిగిన వింత జబ్బనుకున్నారు. కాదు, ఊపిరి చాలక పోగుపడిన కార్బన్ డయాక్సైడే అని చెప్పింది బియోర్న్ ఇబ్సెన్ అనే మత్తు డాక్టరు. గొంతులో గొట్టం వేసి, వైద్య విద్యార్థులను షిఫ్టుల్లో కూర్చోబెట్టి చేత్తో రబ్బరు సంచి నొక్కించారు. ఆనాడు కావలసింది గాలి ఆడించడం, మీ అమ్మాయికి ఇవాళ కావలసిందీ అదే. ఆక్సిజన్ మిషన్‌ను మీ అంతట మీరు ఆపొద్దు, పెంచొద్దు. లేపితే లేవని మనిషిని అపాయింట్‌మెంట్ కోసం ఇంట్లో ఉంచుకోకూడదు. ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లి ధమని రక్తంలో కార్బన్ డయాక్సైడ్ చూడమనండి, బైపాప్ గురించి అడగండి. బైకార్బనేట్ కాగితం చేత్తో పట్టుకెళ్లండి, సంచిలో అడుగున పెట్టకండి.

ప్రశ్న: మా తమ్ముడికి వెన్నెముక కండరాల క్షీణత (ఎస్ఎంఏ అంటారు), 19 ఏళ్లు. ఊదుడు 55 శాతం అని రెండేళ్లుగా మారలేదు. కానీ చిన్న జలుబు చేసినా ఆసుపత్రి పాలవుతున్నాడు. పరీక్షలో ఏదైనా వదిలేశారా?

జవాబు: దగ్గు కొలిచారా? మీరు పంపిన మూడు రిపోర్టుల్లోనూ అది లేదు. రెండు నిమిషాల పని. ఉబ్బసం వాళ్లు ఊదే చిన్న ప్లాస్టిక్ గొట్టానికి మాస్కు తగిలించి, ముఖానికి ఆనించి, శక్తికొద్దీ దగ్గమనాలి. ఎదిగినవాళ్ల దగ్గు నిమిషానికి 360 లీటర్లు దాటుతుంది. 270 కన్నా తక్కువైతే మామూలు రోజుల్లో గడిచిపోతుంది గానీ, జలుబు చేసి కళ్లె చేరిన రోజున మరీ తగ్గిపోతుంది. 160 లోపుకు పడితే కళ్లె పైకి రాదు. మీ తమ్ముడికి జరుగుతున్నది ఇదేనని నా అనుమానం. వెన్నెముక కండరాల క్షీణతలో డయాఫ్రమ్ చాలావరకు నిలబడి, పక్కటెముకల కండరాలు, పొట్ట కండరాలు ముందు పోతాయి. దగ్గుకు కావలసింది అవే.

దగ్గంటే ముందు నిండా గాలి నింపుకోవడం. చేత్తో నొక్కే సంచికి వెనక్కి పోనివ్వని వాల్వు పెట్టి, రెండు మూడు గుక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, గొంతు బిగబట్టి, అప్పుడు దగ్గమంటారు. ఆ క్షణంలోనే మీరు పొట్ట మీద చేత్తో లోపలికీ పైకీ ఒక తోపు ఇస్తారు. నా గదిలో ఒకసారి ఒక అక్క తన తమ్ముడికి ఇలా చేయిస్తే 190 ఉన్న అంకె 310కి వెళ్లింది. ఇద్దరూ తెర వంక నోరు తెరుచుకుని చూశారు. ఫిజియోథెరపిస్టు దగ్గర ఒక పూట కూర్చుని నేర్చుకోవాలి, కడుపు నిండా తిన్నాక చేయకూడదు. అది చాలకపోతే గాలి లోపలికి నెట్టి వెంటనే బయటికి లాగే దగ్గు యంత్రం ఉంది. ఈసారి పరీక్షకు వెళ్లినప్పుడు మామూలు దగ్గు ఎంత, సంచితో ఎంత, సంచీ చెయ్యీ రెండూ కలిపితే ఎంత అని మూడు అంకెలూ విడివిడిగా రాయించుకురండి. అవి నాకు పంపండి, చూస్తాను.